రెండో తాళంచెవి

1999. హైటెక్ సిటీలో అప్పటికి లేచిన భవనాల కన్నా పగలగొట్టాల్సిన బండలే ఎక్కువ. అక్కడి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏసీ, కరెంటు పనులు చూసే ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఆఫీసుల్లో పొగ తాగకూడదనే చట్టం మా దగ్గరకు ఇంకా రాలేదు. విదేశీ క్లయింటు షరతు పెట్టడంతో కంపెనీయే ఆ నియమం తెచ్చింది. తాగేవాళ్లు గేటు బయటికి వెళ్లాలి. ఆ సర్క్యులర్‌ను అన్ని అంతస్తుల్లో అంటించింది నేనే.

నేను రోజుకు పది సిగరెట్లు తాగేవాణ్ణి. గేటు దాకా వెళ్లి రావడానికి బద్ధకం. మూడో అంతస్తులో ఏహెచ్‌యూ గది ఉండేది. హాల్లోని గాలిని లాక్కుని, చల్లబరిచి, తిరిగి హాల్లోకి పంపే పెద్ద యంత్రం ఉండే గది అది. తాళంచెవులు రెండు. ఒకటి కాంట్రాక్టు మీద పనిచేసే ఏసీ ఆపరేటర్ యాదయ్య దగ్గర, ఒకటి నా దగ్గర. తలుపేసుకుని అక్కడ తాగేవాణ్ణి. ఆ గదిలో గాలే డక్టుల గుండా అంతస్తంతా తిరుగుతుందని తెలియక కాదు. పొగ పలచబడిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం ప్రోగ్రామర్ సుజాత గారు నా టేబుల్ దగ్గరకొచ్చారు. ఆమెకు ఆరో నెల.

"నా సీటు పైన ఏసీ గ్రిల్లులోంచి సిగరెట్ వాసన వస్తోందండి. కడుపులో తిప్పేస్తోంది. మీరే కదండీ చూడాల్సింది?"

"చూస్తానండి," అన్నాను. జేబులో తాళంచెవి ఉంది.

మర్నాడు మేనేజరు అడిగాడు, ఆ గదిలోకి ఎవరు వెళ్తారని. "యాదయ్య," అన్నాను. యాదయ్యను పిలిపించి జేబులు చూపించమన్నారు. బీడీ కట్ట బయటపడింది.

"తాగుత సార్, గేటు బయట. లోపల ఎన్నడు తాగలే." తర్వాత నావైపు తిరిగాడు. "సిగరెట్ వాసన వేరే, బీడీ వాసన వేరే. మేడంకు తెల్వకపోవచ్చు. మీకు తెలుస్తది గద సార్?"

"ఒక వారం చూద్దాం," అన్నాను మేనేజరుతో.

యాదయ్యను కింద ఏసీ యంత్రాలుండే ప్లాంటు రూముకు మార్చి, అతని తాళంచెవి తీసేసుకున్నారు. రెండోదాని గురించి ఎవరూ అడగలేదు. ఆ వారమంతా భయంతో నేను ఆ గదిలో సిగరెట్ ముట్టించలేదు. వాసన పోయింది. నా భయమే అతని మీద సాక్ష్యమైంది. యాదయ్యను పనిలోంచి తీసేశారు. రిపోర్టు కింద సంతకం నాది. సుజాత గారు వచ్చి థాంక్స్ చెప్పి వెళ్లారు.

అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. ఎవరు దగ్గినా తలెత్తి గ్రిల్లు వైపు చూసేవాణ్ణి. రెండు నెలల తర్వాత వాకబు చేస్తే, యాదయ్య బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో కూలర్లు రిపేరు చేస్తున్నాడని తెలిసింది. వెళ్లాను. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

"ఆ సిగరెట్లు నావి యాదయ్యా."

"ఎర్కనే సార్. ఆ రూంల ఏసీ ఫిల్టర్లు కడిగేటోడిని, నాకు తెల్వదా? సిగరెట్ పీకలు రోజు నేనే ఏరిన."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నేను చెప్తే ఎవరన్న నమ్ముతుండిరా? మీరే చెప్తరని చూసిన." చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "ఇప్పుడు చెప్తరా సార్? మళ్ల తీసుకుంటరా నన్ను?"

"మాట్లాడతాను," అన్నాను. తిరిగొచ్చి మేనేజరు గది ముందు రెండుసార్లు నిలబడ్డాను. లోపలికి వెళ్లలేదు. బాలానగర్‌కు మళ్లీ వెళ్లే ముఖం లేకపోయింది.

కొన్నేళ్లకు చట్టమే వచ్చింది. అప్పటికి సిగరెట్ మానేశాను. ఇప్పుడు ఏ ఫిర్యాదు వచ్చినా, తాళంచెవులు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయని ముందుగా అడుగుతాను. నాది మొదట బల్ల మీద పెడతాను. నేర్చుకున్నది అదే. దాన్ని నాకు నేర్పడానికి ఒక మనిషి ఉద్యోగం పోయింది.

పొగ తాగరాదన్న బోర్డు మీద, ఎవరైనా తాగితే ఎవరికి చెప్పాలో ఆ పేరు కూడా రాయాలన్నారు. మా భవనంలో ఆ పేరు నాది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా యాదయ్య గుర్తొస్తాడు. ఏ బోర్డు మీదా నా పేరు లేని రోజుల్లోనే, "మీకు తెలుస్తది గద సార్" అని అతను సరిగ్గా నాకే చెప్పుకున్నాడు.