కేసు అయిపోయాక వెళ్లిన కౌన్సెలింగ్

గోదావరిఖనిలో రిటైరైన గని కార్మికుణ్ణి. భార్య పోయాక తాగుడు మొదలైంది. తాగి బండి నడుపుతూ పట్టుబడితే, వారం వారం దవాఖానలో కౌన్సెలింగ్‌కు వెళ్లమంది కోర్టు.

"గనిల పాణం పెట్టినోనికి గీ పోరి బుద్ధి చెప్తదా?" అని రుసరుసలాడుతూనే వెళ్లాను. కౌన్సెలింగ్ చేసే ఆ అమ్మాయి మాత్రం ప్రతిసారీ "ఏం తిన్నవ్ తాతా?" అని అడిగేది. ఇంట్లో ఆ మాట అడిగేవాళ్లు లేరు. తాగుడు మానేశాను, కోర్టు పెట్టిన గడువూ తీరింది.

మరుసటి వారం, గనిలో హాజరు మస్టర్ పోతుందన్నట్టు, తలుపులు తెరవకముందే వెళ్లి నిలబడ్డాను.

"మళ్ల పట్టుకున్నరా తాతా?" ఆమె గాబరాపడింది.

"లేదు బిడ్డా. ఒక్కన్నే ఉంటే మళ్ల తాగుతనేమోనని వచ్చిన."

"గట్లెట్ల? కేసున్నోళ్లకే గద ఇది!"

తల దించుకొని ఇంటికొచ్చాను. తాగినవాడికి ఒక మనిషిని చూపించిన కోర్టు, మానినవాడికి ఎవరిని చూపిస్తుంది?