అక్క కొట్టేయించిన పంక్తి

నా ఇరవై మూడో ఏట నేను సేలం జిల్లా ధర్మపురిలో పత్రాలు రాసి బతికేవాణ్ణి. రిజిస్ట్రారు కచేరి ఎదుట అరుగు మీద ఒక చాప, ఒక రాతబల్ల, ఒక సిరాబుడ్డి. అంతే నా ఆస్తి. గర్వం మాత్రం జిల్లా జడ్జీకి సరిపోయేంత ఉండేది. నాకు పని నేర్పిన ముసలాయన ఒకటే మాట చెప్పేవాడు. కరారు రాసే రోజు ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉంటారు, దాన్ని మళ్ళీ బయటికి తీసే రోజు అట్లా ఉండరు, నువ్వు ఆ రెండో రోజు కోసం రాయి అనేవాడు. ఆ పాఠం నాకు బాగా వంటబట్టిందనే అనుకునేవాణ్ణి.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు గగనమైపోయి, దీపానికి కూడా గానుగ నూనె కోసమే జనం ఎగబడుతున్నారు. మా బావ గానుగ ఆడించడంలో చేయి తిరిగినవాడు. పిండిని గుప్పిట పట్టి పిసికి, అందులో ఇంకెంత నూనె ఉందో చెప్పేవాడు. ఆ చేతిపని తప్ప ఆయనకు వేరే ఏమీ లేదు. చెట్టికరై దారిలో, మేము గానుగాయన అని పిలిచే ఒకాయనకు పాత గానుగ, రెండు ఎద్దులు, పక్కనే ఒక గది ఉన్నాయి కానీ ఆడించడం చేతకాదు. ఇద్దరూ కలిశారు. గది మా అక్కావాళ్ళ కాపురానికి ఇచ్చారు. అక్క నువ్వులు చెరిగేది, ఎండబెట్టేది, బావ తిండికి కూర్చుంటే ఎద్దును తోలేది. బావ తర్వాత ఆ పని తెలిసింది ఆమెకే.

ఉమ్మడి వ్యాపారానికి కరారు రాయమని నా దగ్గరికే వచ్చారు. మావాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని ఏ భాషా చదవలేరు. నేను తమిళంలో రాసి, తెలుగులో చదివి వినిపించాలి. మూడు రోజులు కూర్చుని చిత్తుప్రతి తయారుచేశాను. ఎద్దులకు మేత ఎవరు వేయాలి, రోకలి విరిగితే ఎవరు చేయించాలి, నూనె తీశాక మిగిలే తెలకపిండి ఎవరికి, విడిపోదలిస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అన్నీ పెట్టాను.

"ఏం బామ్మర్దీ, ఎద్దు తుమ్మితే ఎవరు చిరంజీవ అనాలో కూడా రాసినావా?" అని బావ ఒకటే నవ్వు.

ఒక శుక్రవారం గానుగకు పసుపు పూసి, అందరం ఆ గదిలో కూర్చున్నాం. నేను గొంతు సవరించుకుని చదువుతూ చివరి షరతుకు వచ్చాను. ఇద్దరిలో ఎవరైనా చనిపోతే, ఆయన భార్య ఆ స్థానంలో పని చేసుకోవచ్చు, ఆమెను గది ఖాళీ చేయించకూడదు.

అక్క చప్పున తాళి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమిరా, నా తాళి ఎదురుగా పెట్టుకోని ఆ మాట చదువుతావా? కొట్టెయ్!"

"శకునం కాదక్కా, షరతు. అందరూ రాసుకుంటారు."

"అందరి సంగతి నాకెందుకు? కొట్టెయ్యిరా."

"నిజమే తంబీ," అన్నాడు గానుగాయన. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. శుభమా అని మొదలుపెడతా ఉన్నాము."

బావ వైపు చూశాను. "మీ అక్క చెప్పినాక ఇంక అప్పీలు లేదు," అన్నాడు.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కొట్టేశాను. దాని చోట, గానుగాయన కోరిక మీద, ఇద్దరూ నూరేళ్ళు చల్లగా ఉండి ఈ గానుగ నడుపుకోవలెనని రాశాను. వాక్యం అందంగా కుదిరిందని లోలోపల మురిసిపోయాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండో ఏడు, సేలంకు నూనె డబ్బాలు తీసుకుపోతూ, తొప్పూరు కనుమ దిగేచోట బండి తిరగబడి బావ పోయాడు.

కర్మలైన వారానికి గానుగాయన తన అక్క కొడుకును పనికి తెచ్చుకున్నాడు. అతనికీ కాపురముంది, గది కావాలి. ఆయన దుర్మార్గుడేమీ కాదు. కర్మలకు బియ్యం పంపినవాడే. పెద్దమనుషులు నలుగురు కూర్చుంటే, "కరారులో ఎట్లుంటే అట్లే చేస్తాను" అన్నాడు. కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు.

తలకిందులుగా పట్టుకుని చదివినా అక్కడ కనిపెట్టేవాడు లేడు. లేని పంక్తిని ఉన్నట్లు చదివితే అక్కకు నిలవనీడ దక్కేది. కొట్టేసిన సంగతి తెలిసిన గానుగాయన కూడా, తర్వాత మళ్ళీ రాశానంటే నమ్మేవాడే. మాట నోటిదాకా వచ్చింది. కానీ చదవలేదు. ధర్మానికి కట్టుబడ్డానని చెప్పుకోవచ్చు. నిజానికి నేను భయపడింది, ఆ కాగితం రేపు చదువొచ్చినవాడి చేతిలో పడితే నా రాతపనికున్న పేరు పోతుందనే.

"అంతేనా, తమ్ముడా? ఇంకేమీ లేదా?" అంది అక్క.

"అంతే అక్కా."

మా ఇంటికి రమ్మన్నాను. మరదలి పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని కానంది. కడత్తూరులో చెనిక్కాయలు ఒలిచే కూలికి పోతానంది. మూట మోస్తూ వెంట నడిచాను. ఊరు దాటాము.

"ఆ పొద్దు నా మాట ఎందుకు వింటివిరా?" అంది అక్క. "నేను తాళి కట్టుకున్నదాన్ని, అట్లే అంటాను. నువ్వు తెలిసినోడివి కదా, ఎందుకు వింటివి?"

తిట్టినట్లు అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగి, మూట నా నెత్తి మీది నుంచి తీసుకుంది.