ఇంటికో కాయ

పొద్దున్నే కాఫీ తాగుతుంటే ఫోన్‌లోకి మా తమ్ముడి ఆహ్వానం వచ్చి పడింది. రంగురంగుల అక్షరాలు, మధ్యలో కండువాతో నవ్వుతున్న వాడి ఫొటో. మన ఊరి ప్రతిభా పోటీలు ఈ ఏడు మరింత వైభవంగా జరుగుతాయట, అందరూ సకుటుంబంగా రావాలట. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: కొబ్బరికాయలు తేనక్కర్లేదు, నచ్చినవారికి ఫోన్‌లోనే ఓటు వేయవచ్చు. అది చదివాక కాఫీ సహించలేదు. గ్లాసు అలాగే పెట్టేసి, చీర మార్చుకుని, మా అక్కని చూడ్డానికి ఊరికి బయల్దేరాను. రామచంద్రపురంలో మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే ఎంతో దూరం లేదు.

మా చిన్నతనంలో ఈ పోటీలు రైసుమిల్లు గచ్చు మీద జరిగేవి. వడ్లు ఆరబోసే ఆ గచ్చు ఎండకి కాలి, సాయంత్రం నీళ్లు చల్లితే ఆవిరితో పాటు తవుడు వాసన లేచేది. దాని మీద చాపలేసుకుని కూర్చునేవాళ్లం. పద్యం పాడేవాళ్లు, ఈల వేసేవాళ్లు, పళ్లతో బిందె ఎత్తేవాళ్లు, ఎవరి విద్య వాళ్లది. మా నాన్నగారి కొట్లో గుమాస్తా ఒకాయన ఏటా అదే హరికథ మొదలుపెట్టి ఏటా అదే చోట మర్చిపోయేవాడు. ఆ చోటు కోసమే జనం ఎదురుచూసేవారు. టిక్కెట్టు లేదు. ఇంటికో కొబ్బరికాయ తేవాలి, అంతే. తోటలున్న వాళ్లయినా, పెరట్లో ఒక్క చెట్టున్న వాళ్లయినా ఒక్కటే కాయ. అన్నీ అయ్యాక, వేదిక పక్కన చీర కట్టిన తెర వెనక్కి వెళ్లి, నచ్చినవాళ్ల గంపలో ఎవరి కాయ వాళ్లు వేసి రావాలి. ఎవరికి వేశారో పక్కింటివాళ్లకి తెలిస్తే మర్నాటి నుంచి మాటలుండవు కదా, అందుకని తెర. ఎవరి గంప నిండితే వాళ్లు గెలిచినట్టు. వాళ్ల చేత మొదటి కాయ కొట్టించి తలో ముక్కా పంచేవారు. మిగతా కాయలు అమ్మి ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి చేసేవారు. బస్సు దిగేచోట ఉన్న సిమెంటు బెంచీలు అలా వచ్చినవే.

టీవీలొచ్చాక పోటీలు ఆగిపోయాయి. వాటిని నిరుడు మళ్లీ లేపింది మా అక్క. టీచరుగా రిటైరయ్యాక కూడా ఆవిడకి బడి మీద ధ్యాస పోలేదు. మధ్యాహ్న భోజనం వండే పాక కప్పు కారుతుంటే, వంటావిడ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిట పట్టుకుని సాంబారు కలపడం అక్క కళ్లారా చూసింది. ఆ పాక చోట షెడ్డు వేయించాలని మోకాళ్ల నొప్పులతో ఇల్లిల్లూ తిరిగింది. ‘మీకెంతున్నా సరే, ఒక్క కాయే తీసుకుంటాను. షెడ్డు ఊరందరిదీ అవ్వాలి’ అని ప్రతి గుమ్మంలోనూ మాటిచ్చింది. మైకులు, కుర్చీలు, షామియానా మా తమ్ముడు చూసుకుంటానన్నాడు. ఎరువుల కొట్టు వాడు కాబట్టి వాడికి అందరూ తెలుసు. తెర దగ్గర కాపలా కూడా వాడికే అప్పజెప్పింది. ఇంట్లో మనిషి కంటే నమ్మకస్తుడు ఎవరుంటారనుకుంది పాపం.

పోటీల సాయంత్రం అదే గచ్చు మీద అందరినీ మించినది ఆ వంటావిడే. గరిట కొంగులో దోపుకుని వేదికెక్కి, కుక్కర్ కూతతో మొదలుపెట్టి, హెడ్మాస్టారి దగ్గు, కూరగాయల ఆటో మైకు, పప్పు మాడిందో లేదో చూడ్డానికొచ్చిన ఆఫీసరుగారి ఇంగ్లీషు, ఒకదాని మీద ఒకటి దింపింది. చివర్న మా తమ్ముడి గొంతు తీసి, ‘యూరియా రేపొస్తుందండి, ఎల్లుండి ఖాయమండి’ అనేసరికి గచ్చంతా గొల్లున నవ్వింది. వాడూ నవ్వాడు. ఊరి చివర లేఅవుట్ వేసిన ఒకాయన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురు ఏదో సినిమా పాటకి డాన్సు చేసింది. బాగానే చేసింది, పిల్లని తప్పుపట్టడానికేమీ లేదు.

తెర తీశారు. వంటావిడ గంప నిండుగా ఉంది. ఆ పిల్ల గంప నిండి, పొర్లి, పక్కన గుట్టగా పోసి ఉంది. మా వైపు కాయ చూస్తే ఇల్లు తెలిసిపోతుంది. ఒకరు పిలక గుబురుగా ఉంచుతారు, ఒకరు పీచు సగం వదిలేస్తారు, కత్తిపీట మీద కుస్తీపట్టి ఒలిచే మా పక్కింటావిడ కాయకి గాట్లుంటాయి. గుట్టలో కాయలు మాత్రం అన్నీ ఒకేలా, నున్నగా, లారీకెక్కించే సరుకులా ఉన్నాయి. అక్క వంగి ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఇంకోటి తీసుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, మెల్లిగానే అంది.

“ఇవన్నీ ఒలిచింది ఒక్క చెయ్యిరా.”

వాడు మైకు వైర్లు సర్దుతున్నాడు. తలెత్తలేదు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ విషయం అర్థమైంది. అయినా ఆ పిల్ల చేత కాయ కొట్టించారు, ముక్కలు పంచారు. ఎవరింట్లో ఏం పెట్టినా కాదనని మా అక్క ఆ పళ్లెం ముందుకొస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది.

మర్నాడు, నేనింకా అక్క ఇంట్లో ఉండగానే, వాడే వచ్చి కూర్చున్నాడు. లేఅవుట్ ఆయన షెడ్డు మొత్తం తనే కట్టిస్తానన్నాడట, కూతురి సరదా తీరిస్తే చాలన్నాడట. “మన కాయలమ్మితే గుంజలకైనా వచ్చేదా అక్కా? నీక్కావలసింది షెడ్డే కదా?” అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు, నాకు ఒళ్లు మండింది అందుకే. అక్క మాత్రం, “నేను ఇంటింటికీ ఇచ్చింది నా మాటరా. దాన్ని నువ్వు అమ్మావు. నన్నడక్కుండా అమ్మావు” అంది. ఆ తర్వాత వాడికి కాఫీ ఇచ్చింది గాని, వాడితో కలిసి తాగలేదు.

షెడ్డు వచ్చింది. రేకులు, టైల్సు, బయట ఆయన పేరుతో పెద్ద బోర్డు. లోపల వాన పడట్లేదు, పిల్లలు వేడివేడిగా తింటున్నారు. మంచే జరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను, లోపల మాత్రం ఎవరో నా ఇంట్లోనే నన్ను దోచుకున్నట్టుంది. పిల్లలు ఇప్పటికీ వంటావిడని ఎరువుల కొట్టాయన గొంతు తియ్యమని అడుగుతారట. “ఆ గొంతు నాకు రావట్లేదు నాన్నా” అంటుందట.

ఇవాళ నేను వెళ్లేసరికి అక్క అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఫోన్ చూపించాను. కళ్లజోడు సవరించుకుని అడుగు దాకా చదివింది. లోపలికెళ్లి అటక చివర నుంచి ఓ కాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం ఊరంతా వేశాక చివర్న తను వేద్దామని ఉంచుకున్న కాయట. తెర తీసేశాక వేయబుద్ధి కాలేదట. కుళ్లిపోవలసిన కాయ, నీళ్లింకి, ఎండి కురిడీ అయింది. ఊపి చూశాను. చిప్పనొదిలేసిన కొబ్బరి లోపల లొడలొడలాడింది.

“పోటీలకి వెళ్తావా?” అని అడిగాను.

“వాడు తమ్ముడే, ఇంటికొస్తే అన్నం పెడతాను. కాయ మాత్రం వెయ్యను” అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

కాలం అన్నిటినీ మాన్పుతుందని ఇన్నాళ్లూ నేనూ అందరికీ చెబుతూ వచ్చాను. దాని చేతనైంది లోపలి నీళ్లు ఇంకించడం వరకే, విడిపోయిన కొబ్బరిని మళ్లీ చిప్పకి అతికించడం దానివల్ల కూడా కాదు.