తర్వాత సారు

దేవుడు పెద్ద సర్జనుగారికి భాషలోని మాటలన్నీ ఇచ్చినా, ఆయన వాడుకునేది ఒక్కటే: "తర్వాత?" ఎవరేం చెప్పినా అదే జవాబు. ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆసుపత్రి మొత్తానికీ ఆయన తర్వాత సారు.

క్యాంటీనాయన "టీ అయిపోయింది సార్" అంటే ఊరుకునేవారు కాదు.

"తర్వాత?"

"పాలు రావాలండి."

"తర్వాత?"

"కాస్తానండి."

"తర్వాత?"

"మీకే ఇస్తానండి. కూర్చోండి."

మత్తు దిగిన ఒక ముసలాయన "నేను బతికానా బాబూ?" అని అడిగితే, "బతికావు. తర్వాత?" అన్నారట. ముసలాయన కంగారుపడి, పదేళ్లుగా మాటల్లేని తమ్ముణ్ణి పలకరిస్తానని మంచం మీదే ఒప్పుకున్నాడు. నిజంగానే పలకరించాడు కూడా.

ఈ మాటకు అందరికన్నా ఎక్కువ బలైంది సర్జను శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి. ఆమె కుట్టు వేస్తే చూడటానికి పక్క వార్డు నర్సులు వచ్చేవారు. రాతపరీక్షలో ఎప్పుడూ ముందే. వైవా దగ్గరే వచ్చేది చిక్కు. ఇద్దరు ఎగ్జామినర్లు ఎదురుగా నోరు తెరిస్తే, ఆమె నోరు మూతపడేది. అలా రెండుసార్లు తప్పింది. మూడోసారే ఆఖరు. అదీ పోతే శిక్షణలోంచి పంపించేస్తారు, ఇక జన్మలో కత్తి పట్టనివ్వరు.

రోజూ ఉదయం ఏడింటికి ఐదో అంతస్తులోని ఆపరేషన్ గదులకు వెళ్లడానికి ఆమె లిఫ్టు ఎక్కేది. ఏ జన్మ పాపమోగానీ, తర్వాత సారు అప్పటికే అందులో నిలబడి ఉండేవారు.

"కడుపునొప్పితో ఒక మనిషొచ్చాడు," అనేవారు, నమస్కారమైనా అందుకోకుండా.

"చెయ్యి వేసి చూస్తాను సార్."

"తర్వాత?"

"రక్తపరీక్ష."

"తర్వాత?"

"స్కానింగ్."

"తర్వాత?"

"ఐదో అంతస్తు వచ్చింది సార్."

"తర్వాత?"

"దిగుతాను సార్."

దిగి, వెనక్కి చూడకుండా పరుగెత్తేది. లిఫ్టు నడిపే ఆయన మొహం గోడవైపు తిప్పుకుని నవ్వుకునేవాడు.

నెల తిరిగేసరికి ఆ జబ్బు ఆమెకూ అంటింది. తల్లి ఫోన్లో "కూర మాడిందే" అంటే, "తర్వాత?" అంది.

"తర్వాతేముంది నీ మొహం, గిన్నె తోముతున్నా," అంది తల్లి.

వైవా రోజు రానే వచ్చింది. కళ్లజోడు ఎగ్జామినరు గొంతు సవరించుకున్నాడు. "ప్రమాదంలో దెబ్బ తిన్న మనిషిని తెచ్చారు. నాడి వేగంగా ఉంది."

ఆమె నోరు తెరిచింది. అలవాటైన మాట ఒక్కటే బయటికొచ్చింది.

"తర్వాత?"

కళ్లజోడాయన ఉలిక్కిపడ్డాడు. ముప్పై ఏళ్లలో ఆయన్ని ఎదురు ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

"తర్వాత... పొట్ట ఉబ్బుతోంది," అన్నాడు తడబడి. పక్కాయన నవ్వాపుకోలేక కాగితం అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తడబాటు విన్నాక ఆమె నాలుక కదిలింది. ముందు ఊపిరి ఆడుతోందో లేదో చూస్తానంది. తర్వాత రక్తం ఎక్కిస్తానంది. తర్వాత, తర్వాత అని తనకు తనే అందించుకుంటూ రోగిని ఆపరేషన్ బల్ల ఎక్కించి, పొట్ట తెరిచి, కుట్టి, నడిపించి ఇంటికి పంపేదాకా ఆగలేదు.

"చాలమ్మా," అన్నాడు ఎగ్జామినరు. "తర్వాత?" అనబోయి ఆమె నాలిక కరుచుకుంది.

ఫలితం తెలిసిన ఉదయం లిఫ్టు దగ్గరికి పరుగెత్తింది. లోపల లిఫ్టు నడిపే ఆయన ఒక్కడే ఉన్నాడు, సారు లేరు.

"సారేరి బాబాయ్? ఆపరేషన్లో ఉన్నారా?"

"ఆయన ఆపరేషన్లన్నీ మధ్యాహ్నమే కదమ్మా. కింద తన గదిలో ఉన్నారు."

"మరి పొద్దున్నే ఐదో అంతస్తులో ఏం పని?"

"ఏ పనీ లేదు. మీరు దిగంగానే మళ్లీ కిందికే. మీరెక్కడ ముందొచ్చేస్తారోనని ఆరున్నర నుంచీ ఇందులోనే. మోకాళ్ల నొప్పులు కదా, స్టూలు వేస్తానంటే వద్దన్నారు. కూర్చుంటే మీకు తాతయ్యలా కనపడతారట. నిలబడితేనే ఎగ్జామినర్లా ఉంటుందట."

ఆమె లిఫ్టు ఎక్కలేదు. వెనక్కి తిరిగి ఆయన గదికి వెళ్లింది. సారు మోకాళ్ల మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని ఉన్నారు. ఆమెను చూసి దాన్ని గబుక్కున బల్ల కింద దాచారు.

"పాసయ్యాను సార్."

ఆయన కళ్లజోడు తీసి, అద్దాలు చాలాసేపు తుడిచారు.

"తర్వాత?"

"తర్వాత మీ మోకాళ్లు చూస్తాను. కాలు చాపండి సార్."

సారు నోరు తెరిచారు. క్యాంటీనులో టీ అయిపోయినట్టు, ఆయన దగ్గర మాట అయిపోయింది. బుద్ధిగా కాలు చాపారు.