ఏదీ తీసెయ్యని ఫోటో

సిరుగుప్ప బస్టాండులో టీ తాగుతుంటే కంప్లి బస్సు కండక్టరు నన్ను చూసి అరవకుండా దగ్గరికొచ్చాడు. రోజూ అరిచే మనిషి నిమ్మళంగా నడిచి వస్తుంటే గ్లాసు కింద పెట్టేశాను. "మీ బావ తెల్లవారుజామున పోయినాడంటప్పా. ఎక్కు, పోదాం" అన్నాడు.

మా అక్క భర్త ఆయన. కంప్లిలో బడిపంతులు. మొహమాటానికి ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు ఫోటో తీసేవాడు గాని, ఆయన ప్రాణమంతా గుట్టల మీద, వరిమళ్ల మీద, నది మీద.

నేను గడప దాటగానే మా అక్క ఏడుపు మింగి, "ఆయన ఫోటో యాడన్నా ఉండాదేమో చూడప్పా. దీపం పెట్టేకి ఒక్కటన్నా కావాల" అంది. మనిషిని ఎత్తేలోపల దొరకాలి. పెట్టె బోర్లించాను. గుట్టలు. మబ్బులు. ఇంకా గుట్టలు.

"ఊరందరికీ తీసినాడు గదా, ఆయప్పది ఒక్కటీ లేదా?" అని ఎదురింటాయన నోరెళ్లబెట్టాడు.

లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆయన పద్ధతి చెప్పాలి.

ఆయన దగ్గర పైనుంచి తల వంచి చూసే డబ్బా కెమెరా ఒకటి, బళ్లో పలక పగిలిపోగా మిగిలిన చెక్క చట్రం ఒకటి ఉండేవి. ఎక్కడికెళ్లినా ముందు చట్రం ఎత్తి, ఒక కన్ను మూసి అందులోంచి చూడాలి. కంటి దగ్గర పెట్టుకుంటే లోకమంతా అందులో పడుతుంది. చెయ్యి చాస్తే ఒక్క బండే మిగులుతుంది. ఆయన ఎప్పుడూ చెయ్యి చాచేవాడు.

"ఫోటో తీసేదంటే ఏందనుకున్యావు బామ్మర్దీ? తీసేసేది. ఆ కరెంటు స్తంభం తీసెయ్, ఆ మేకను తీసెయ్. మిగిలిందే ఫోటో" అనేవాడు.

స్తంభాన్ని తీసెయ్యాలంటే తాను పక్కకు జరగాలి. మేకనైతే అది పోయేదాకా కాచుకోవాలి. చోరనూరు దారిలో ఒక మేక వల్ల మాకు బస్సు తప్పింది. బావ కోసమే అది కదలలేదని నా అనుమానం. మేకల తర్వాత ఆయన ఎక్కువసార్లు తీసేసింది నన్నే. "స్వల్ప పక్కకు పోప్పా" అనేవాడు. స్వల్పం స్వల్పంగా నేను పక్క పొలంలో తేలేవాణ్ణి.

నేలా ఆకాశం చెరిసగం పంచుకోకూడదు ఆయన లెక్కలో. "అన్నదమ్ముల వాటానా అది? ఎవరికో ఒకరికి ఎక్కువియ్యి" అనేవాడు. ఇక తీసేవాడి నీడ బొమ్మలో పడిందంటే, వడ్డించేవాడొచ్చి పంక్తిలో కూర్చున్నట్టేనట. అలాంటి మనిషి కెమెరాను ఇంకొకరి చేతికిస్తాడా? ఇవ్వలేదు. అందుకే పెట్టెలో ఆయన లేడు.

తుంగభద్ర ఆనకట్టకు మొదటిసారి నీళ్లు నిలబెడుతున్న ఏడు బావ చిన్నమ్మ కంప్లికి వచ్చింది. ఎగువన ఆమె పల్లె అప్పటికే ఖాళీ అయింది. "నా ఇల్లు నీళ్లలోకి పోకముందే ఒక్క ఫోటో తియ్యప్పా" అని అడిగింది. ముగ్గురం వెళ్లాం. దారిలో మబ్బులు బాగున్నాయని బావ రీలంతా వాటికే పెట్టేశాడు. పల్లె చేరేసరికి ఒక్క ఫోటోకే చోటు మిగిలింది. నీళ్లు కింది వీధిని మింగి, మిట్ట మీదున్న చిన్నమ్మ ఇంటివైపు పాకుతున్నాయి. మా వెనక సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు.

బావ నీటి అంచున నిలబడి చట్రం చాచాడు. "వాకిలి, ఆ చింతకొమ్మ. సాకు, అంతే చాలు. మిగతావి తీసేస్తా."

"బావి?" అంది చిన్నమ్మ.

"బావి వద్దు. చూపు చెదురుతాది."

"కొట్టం?"

"అదీ వద్దు చిన్నమ్మా. అన్నీ పెడితే సంత మాదిరుంటాది."

"తీసేసేకి నీళ్లు వస్తానే ఉండాయి గదరా. నువ్వూ తీసేస్తే నాకేం మిగుల్తాది?"

బావ చెయ్యి మెల్లగా ముడుచుకుంది. చట్రం కంటిదాకా వచ్చింది. అయినా బావి బయటే ఉంది. వెనక్కి జరగాలి. వెనక నీళ్లు.

"బావా, నీకు ఈత రాదు."

"నీకొస్తాదా?"

"నాకూ రాదు."

"అయితే నోరు మూసుకోని టవలు పట్టుకో."

టవలు ఒక కొస నడుముకు చుట్టుకుని, రెండో కొస నాకిచ్చి, వెనక్కి వెనక్కి నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు మునిగాయి. టవలు బిగుసుకుంది.

"బామ్మర్దీ, నువ్వు అడ్డముండావు. పక్కకు పో."

"పోతే టవలు చాలదు బావా!"

"బిడు, బిడప్పా!"

వదిలేశాను. నడుము మునిగింది. కింద దుక్కి నేలో కాలువో, కాలు జారి గభాలున రొమ్ముదాకా దిగబడ్డాడు. కెమెరా మాత్రం తలమీద ఉంది. చిన్నమ్మ నోరు బాదుకుంటూ నీళ్లలోకి ఉరికింది. "బావీ వద్దు, కొట్టం వద్దు, ఇల్లే వద్దు, బయటికి రా నాయనా!"

"నువ్వు పక్కకు జరుగు చిన్నమ్మా. అంతా బొమ్మలో పడింది" అన్నాడు. డబ్బాను గడ్డం కిందికి దించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు. తర్వాత ఇద్దరం కలిసి ఆయన్ను ఎద్దును లాగినట్టు ఒడ్డుకు లాగాం.

ఆ ఫోటో నాకు చూపించలేదు. "చెడిపోయింది బామ్మర్దీ" అని చెప్పి, ఆమె చేతికిచ్చేశాడు.

మొన్న, బావకు పాడె కట్టడం అయిపోతుండగా చిన్నమ్మ వచ్చింది. మనిషి బాగా వంగిపోయింది. కొంగులో చుట్టి తెచ్చిన పటాన్ని మా అక్క ఒళ్లో పెట్టింది. "వీడు ఈడుండాడు చూడమ్మా" అంది.

చూశాను. నేలా ఆకాశం చెరిసగం. ఇల్లు ఓ పక్కకు ఒరిగింది. వాకిలి, బావి, కొట్టం, చింతమాను, అన్నీ సంతలో లాగా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కింద నీళ్ల మీద మోచేతులు రెండూ బయటికి పెట్టి, డబ్బా మీదికి తల వంచిన మనిషి నీడ.

అక్క దండ తీసుకుంటే చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, బావి మూసుకుపోతాది." దండ పక్కన పెట్టి, దీపం మాత్రం వెలిగించారు. వత్తి నిలదొక్కుకున్నాక నేను వంగి చూశాను. నీడ నీళ్లు దాటి, మిట్ట ఎక్కి, దాని తల సరిగ్గా చిన్నమ్మ గడప మీద ఆనుకొని ఉంది.