స్టేటస్ కోలో ఉన్న పియానో

డెబ్భైల చివర్లో, ఎండలు ముదిరే రోజుల్లో, నన్ను నందిగామకి జిల్లా మున్సిఫ్‌గా వేశారు. పేరులో జిల్లా ఉన్నా సివిల్ న్యాయాధికారుల్లో అది మొదటి మెట్టు. గట్టు తగాదాలు, దారి హక్కులు, బావి నీళ్ళ వాటాలు మా దగ్గరికి వచ్చేవి.

ఆ ఉద్యోగానికి రాతలో లేని నియమం ఒకటుంది. ఊళ్ళో ఎవరింటికీ భోజనానికి వెళ్ళకూడదు. ఇవాళ పెళ్ళికి పిలిచినాయన రేపు ప్రతివాదిగా నిలబడొచ్చు. నా భార్య ఏలూరులో టీచరు, పిల్లలు ఆవిడ దగ్గరే. కోర్టు లేచాక మర్నాడు బెంచి ఎక్కేదాకా నేను మాట్లాడే మాటలు పదో పన్నెండో ఉండేవి. అవి కూడా అటెండరుతో, కాఫీ గురించి.

నేను వచ్చేసరికే ఉన్న దావాల్లో ఒకటి పియానో గురించి. ఊళ్ళోని ఒక బడిలో పాతికేళ్ళు సంగీతం చెప్పి రిటైరైన ఎస్తేరమ్మ గారు వాది. బడి నడిపిన విదేశీ దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఆ పియానో తనకే ఇచ్చిందని ఆవిడ వాదన. బడికే ఇచ్చిందని బడి కమిటీ వాదన. కాగితం ఎవరి దగ్గరా లేదు. నా ముందున్న మున్సిఫ్ గారు స్టేటస్ కో ఉత్తర్వు ఇచ్చారు, అంటే దావా తేలేదాకా ఉన్నది ఉన్నట్టే ఉండాలి. దాంతో పియానోని ఒక గదిలో పెట్టి తాళం వేశారు. రెండేళ్ళుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఎస్తేరమ్మ గారి వకీలు ఒక ఐ.ఏ. వేశారు. దావా నడుస్తుండగా మధ్యలో ఏదైనా కోరుతూ వేసే దరఖాస్తుని అలా అంటారు. జగ్గయ్యపేటలో సంగీతాభిమానులు వారం రోజులు వేసవి ఉత్సవాలు చేస్తున్నారు. చివరి సాయంత్రం మద్రాసు నుంచి ఒక చెల్లో విద్వాంసుడు వస్తున్నాడు, ఆయనతో పియానో వాయించాల్సింది ఈవిడ. ఆ ఒక్క రోజుకి పియానో జగ్గయ్యపేట పంపమని ప్రార్థన.

చెల్లో అన్న మాట చదవగానే నేను కాగితం కింద పెట్టేశాను. అది వయొలిన్‌కి పెద్దన్నలాంటిది, కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. మద్రాసులో లా చదివేటప్పుడు నా పక్క వాటాలో ఒక ముసలాయన రోజూ సాయంత్రం చెల్లో వాయించేవాడు. రెండేళ్ళు గోడకి ఇవతల కూర్చుని విన్నాను. ఆయనతో పరిచయం చేసుకోలేదు. ఆ ఊరు వదిలాక మళ్ళీ ఆ నాదం వినలేదు.

విచారణ రోజు కమిటీ వకీలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. లారీలో కుదుపులకి పియానో పాడవుతుందన్నారు. పైగా ఆవిడ చెయ్యి దాని మీద పడితే స్వాధీనం ఆవిడదైనట్టు ఊరు అనుకుంటుందన్నారు. పోనీ కచేరీ ఇక్కడే, బడి హాల్లోనే పెట్టుకోనిస్తారా అని అడిగాను. దానికీ ఒప్పుకోలేదు.

ఐ.ఏ.లో కక్షిదారులు మాట్లాడరు, అఫిడవిట్లే మాట్లాడతాయి. అయినా ఎస్తేరమ్మ గారు వెనక బెంచీలోంచి లేచి, రెండు మాటలు చెప్పుకోవచ్చా అని అడిగారు. చెప్పమన్నాను.

"దావా ఎప్పుడు తేలినా పియానో ఉంటుందండి. నా వేళ్ళే ఉండవు. ఇప్పటికే రెండు వంగటం మానేశాయి."



ఉత్తర్వు మర్నాటికి వాయిదా వేసుకుని ఇంటికెళ్ళాను. న్యాయం ఆవిడ వైపే ఉందనిపించింది. కానీ అలా అనిపిస్తున్నది ఆవిడ వేళ్ళ వల్లా, నా చెవుల వల్లా? అడగడానికి మనిషి లేడు. రికార్డు మూడుసార్లు చదివాను. నాకు చెల్లో అంటే ఏమిటో తెలియకపోయినా ఇదే ఉత్తర్వు ఇచ్చేవాణ్ణా అని ఆలోచిస్తే, ఇచ్చేవాణ్ణనే తేలింది. ఆ తేల్చింది కూడా నేనే కదా అన్న శంక మాత్రం పోలేదు.

పొద్దున్న ఉత్తర్వు చదివాను. పియానో వెళ్ళొచ్చు. వాయించినంత మాత్రాన స్వాధీనం మారదు. ఎక్కించిన దగ్గర్నుంచి తిరిగి దించేదాకా అడ్వొకేట్ కమిషనర్, అంటే కోర్టు తరఫున చూసి వచ్చే వకీలు, వెంట ఉండి రిపోర్టు ఇవ్వాలి. ఆ పని కోటేశ్వరరావు గారికి అప్పగించాను. సంగీతం వాసన లేని మనిషి, కొలతల్లో మాత్రం ఘటికుడు.

ఆ మధ్యాహ్నమే ఉత్సవాల వాళ్ళు ఆహ్వానం పంపారు, మొదటి వరసలో కుర్చీ. పెండింగులో ఉన్న దావాలో వాది వాయిస్తుంటే మున్సిఫ్ ముందు కూర్చుని వినకూడదు. కవరు తిప్పి పంపేశాను.

శనివారం పొద్దున్న పరుపులు చుట్టిన పియానోతో లారీ మా క్వార్టర్ ముందునుంచే నెమ్మదిగా వెళ్ళింది. సాయంత్రం ఇంట్లో ఉండలేక హైవే దాకా నడిచాను. జగ్గయ్యపేట బస్సు వచ్చి ఆగింది. కండక్టరు నన్ను గుర్తుపట్టి, ఎక్కుతారా అండీ అని అడిగాడు. లేదన్నాను. అతను నా ముఖం చూసి, విజిల్ వెయ్యకుండా కాసేపు ఆగాడు. నేనే వెళ్ళమని చెయ్యి ఊపాను.

సోమవారం రిపోర్టు వచ్చింది. పియానోకి గీత కూడా పడలేదు. కచేరీ గంటా పావు నడిచింది. నాలుగో పేరాలో కోటేశ్వరరావు గారు ఇలా రాశారు: "వాయిద్యకారులిరువురూ మధ్యలో రెండుసార్లు ఆపి, మరల ప్రారంభించినారు. ఆపుట పియానో లోపము వలన కాదనియు, ఆ రచనయే మూడు భాగములనియు విచారించి తెలిసికొంటిని. రెండవ భాగమున చాలసేపు జనము దగ్గనైనను లేదు."

ఆ పేరా దావాకి అవసరం లేనిది. కొట్టేయమని చెప్పొచ్చు. చెప్పలేదు. ఇరుపక్షాలూ అభ్యంతరం లేదన్నాక రిపోర్టుని సాక్ష్యపత్రాల్లో చేర్చుకుని సి-1 అని గుర్తు వేశాను. ఆ కచేరీ నాకు అంతవరకే అందింది.

అసలు దావా విచారణ మొదలుకాకముందే నాకు బదిలీ అయింది. నా తర్వాత ఆ దావా రాజీ అయిందని తెలిసింది. పియానో బడికి, ఎస్తేరమ్మ గారికి బతికినన్నాళ్ళూ సాయంత్రాలు వాయించుకునే హక్కు.

జిల్లా జడ్జిగా రిటైరయ్యేదాకా నాకు ఒక అలవాటు ఉండిపోయింది. సంతకం పెట్టేముందు, ఈ ఉత్తర్వు అమలైతే నాకేమైనా వస్తుందా అని ప్రశ్నించుకునేవాణ్ణి. ఏమైనా వచ్చేటట్టుంటే ముందు దాన్ని వదులుకుని, అప్పుడు సంతకం పెట్టేవాణ్ణి.