టెక్సాస్ గుర్రాల ఉలవలు

కౌబాయ్ నవలలు, నిజాం కాలపు హత్యల నవలలు కలిపి ఎన్ని రాశాడో వరప్రసాద్‌కే లెక్క తెలియదు. బందరు నుంచి గుమాస్తా పనికొచ్చి నాంపల్లిలో స్థిరపడిన మనిషి. గుర్రం ఎక్కింది లేదు, తుపాకీ ముట్టింది లేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తిరుగుతాడు. తన నవల కనిపిస్తే దుమ్ము తుడిచి, అందరికీ కనబడేలా పైన పెట్టి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగిపోతాడు.

ఆ ఆదివారం ఇరానీ హోటల్లో మహీధర్ కలిశాడు. వరప్రసాద్ మొదటి కౌబాయ్ నవలని మళ్లీ అచ్చువేస్తున్న పబ్లిషర్ అతను. "కొన్ని మార్పులు చేసిన సార్, జర చూడున్రి" అని ప్రూఫులు ముందు పెట్టాడు. తుపాకుల పేర్లు మారాయి, ఊళ్ల పేర్లు మారాయి. వరప్రసాద్ చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ అన్నిటికీ తలూపాడు. ఒక్కచోట ఆగాడు.

"ఉలవలు ఎందుకు కొట్టేశారు?"

"టెక్సాస్ల గుర్రాలకు ఉలవలేంది సార్? గాడ ఓట్స్ పెడ్తరు. చదివినోళ్లు నవ్వుతరు."

"నవ్వనివ్వండి. అప్పట్లో నాంపల్లి స్టేషన్ బయట జట్కాలు ఆగేవి. ఆఫీసు వదిలాక అక్కడ నిలబడి గుర్రాల్ని చూసేవాణ్ణి. నానబెట్టిన ఉలవల సంచి మూతికి కడితే కళ్లు మూసుకుని నమిలేవి." సాసర్ కింద పెట్టాడు. "టెక్సాస్ నేను చూళ్లేదు, తుపాకీ చూళ్లేదు. ఆ పుస్తకం మొత్తంలో కళ్లారా చూసి రాసింది అదొక్కటే."

మహీధర్ ఉలవల మీది పెన్సిల్ గీతని రబ్బరుతో చెరిపి, కాగితం మీది పొట్టు ఊదేశాడు. టెక్సాస్ గుర్రాలు మళ్లీ ఉలవల సంచిలో మూతి పెట్టాయి.